పటము నుండి పుటకు

అమరావతీ స్తూపమునకు చెందిన శిల్పములలో, నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమునందు భద్రపరుపబడియున్న గుండ్రని శిలాఫలకమొకటి కలదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమునాటిదని పండితులు నిర్ణయించిన ఆ ఫలకముపై, మదించిన నాళాగిరి యను ఏనుగు రాజగృహ నగర వీథిలో జనులను త్రొక్కుచు పరుగిడుట ఒకవైపునను, ఆ యేనుగే బుద్ధదేవుని పాదములకడ మోకాళ్లు వంచి తలవాల్చుట మరియొకవైపునను, ఒకే వలయములో చెక్కబడినవి. మేడల గవాక్షముల నుండి జనులు వంగి చూచుచున్నారు; భయవిహ్వలయైన స్త్రీ యొకతె ప్రక్కనున్న పురుషుని గట్టిగా పట్టుకొనియున్నది. ఏనుగు రెండుమారులు కనబడినంత మాత్రమున అక్కడ రెండేనుగులున్నవని ఏ పసివాడును భ్రమపడడు. కన్ను ఒక కొసనుండి రెండవ కొసకు నడచుచుండగా కాలము కూడ నడచినదని, క్రోధము శాంతముగా మారినదని, వాడు ఎవరును చెప్పకయే గ్రహించును. అక్షరమొక్కటియు లేకుండ కథ ఆద్యంతములతో చెప్పబడినది. పిల్లల బొమ్మల పుస్తకము పాశ్చాత్యుల సంపర్కమువలన మనకు లభించిన నూతన వస్తువని తలచువారు ఈ ఫలకమును తీరికగా చూడవలెను.

మన దేశమున బొమ్మ మొదటినుండియు కథకునితో సమానమైన అధికారముతో కథ చెప్పుచు వచ్చినదనియు, అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట చాలకాలము ఆ అధికారమును కోల్పోయినదనియు, ఇరువదవ శతాబ్దమున కొందరు చిత్రకారుల నిరంతర శ్రమచేత దానిలో కొంతభాగమును తిరిగి సంపాదించుకొన్నదనియు నా విశ్వాసము. మన సంస్కృతిని, ప్రకృతిని, జానపద గాథలను పిల్లలకు చూపిన బొమ్మల పుస్తకముల చరిత్రను ఈ దృష్టితోనే చెప్పదలచితిని.

విశాఖదత్తుని ముద్రారాక్షసమున చాణక్యుని గూఢచారి నిపుణకుడు యమపటమును చేతబట్టి ఇల్లిల్లు తిరుగుచు ప్రవేశించును. యముని కొలువును, పాపులు పొందు శిక్షలను చూపు ఆ పటమును విప్పి పాటలు పాడువానిని ఏ గడపయు అడ్డగింపదని చాణక్యునివంటి రాజనీతిజ్ఞుడెరిగియుండుటచేతనే ఆ వేషము వానికి తగినదైనది. బాణుని హర్షచరిత్రలో, అంగడివీథిని యమపటమును చూపువాని చుట్టును బాలురు గుమిగూడియుండిన దృశ్యము వర్ణింపబడినది. పదునాలుగు శతాబ్దములకు పూర్వము ఒక మహాకవి, రాజు రోగశయ్యపై నున్న విషాద సమయమున, వీథిలో బొమ్మలు చూచుచున్న పిల్లలను గమనించి గ్రంథమున కెక్కించెననుట నాకు మిక్కిలి ప్రీతికరమైన విషయము. భవభూతి ఉత్తరరామచరితము తొలి యంకమంతయు చిత్రదర్శనమే. సీతారాములు తమ కథను తామే బొమ్మలలో చూచి కంట తడి పెట్టుకొందురు. బొమ్మ చూచుట కథ వినుటకంటె తక్కువదని మన పూర్వు లెన్నడును భావింపలేదు.

ఈ యమపటములు కాలగర్భమున కలిసిపోయినను వానికి వారసులు తెలుగునాట మిగిలిరి. నేడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాలయందు నకాశీ చిత్రకారులు తరతరములుగా వ్రాయుచు వచ్చిన పటములు అట్టివి. ముతక ఖద్దరు వస్త్రమునకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, తుమ్మజిగురు కలిపిన పూతను పలుమారులు పట్టించి, ఎండబెట్టి, నునుపుచేసి, దానిపై ఉడుత వెంట్రుకల కుంచెతో రేఖలు తీర్చి, ఎర్రని నేలను పరచి, పసుపు నీలి తెలుపు నలుపు వన్నెలతో మూర్తులను నింపుదురు. పటము నిలువుగా సాగును. మూడడుగుల వెడల్పున నలువది, అరువది అడుగుల పొడవు గల పటములు కలవు. అగ్రభాగమున గణపతి, సరస్వతి. ఆపైన పూలతీగెల అంచులచేత విభక్తములైన అరలలో కథ క్రిందికి దిగుచు వచ్చును. కథకుడు చుట్టను మెల్లగా విప్పుచు, కఱ్ఱతో ఒక్కొక్క బొమ్మను చూపుచు, పాటగాను వచనముగాను రాత్రులకు రాత్రులు చెప్పును.

ఈ కళలో నన్ను మిక్కిలిగా ఆకర్షించునది దాని శ్రమవిభాగము. వ్రాయువాడు చెప్పడు, చెప్పువాడు వ్రాయడు, వినువారే ఈ యిరువురను పోషింతురు. కాకిపడిగెలవారు ముదిరాజులకు పాండవుల కథను చెప్పుదురు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయుని, భావనాఋషిని గూర్చిన పురాణమును, గౌడజెట్టీలు గౌడులకు వారి కులపురాణమును, డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును విప్పి చూపుదురు. మంగలివారికి అద్దపువారు కలరు. గొల్లలకు కాటమరాజు కథను చెప్పు మందహెచ్చులవారు పటమునకు బదులు కొయ్యబొమ్మలను పెట్టెలోనుండి తీసి వరుసగా నిలుపుదురు. మేడారపు అడవులలో పడిగెలపై చిత్రింపబడిన కోయల ఇలవేల్పుల కథలను డోలీలు గానము చేయుదురు. శాస్త్రపురాణములు చదువుటకు అవకాశము లేకుండ చేయబడిన కులముల బిడ్డలు, తమ పూర్వులెవరో, తాము పట్టిన మగ్గమునకును గీచిన తాటిచెట్టునకును పుట్టువెక్కడిదో, తల్లి ఒడిలో కూర్చుండి ఈ బొమ్మలలో చూచి తెలిసికొనిరి. తెలుగువారి తొలి బొమ్మల పుస్తకము పుటలు లేని ఈ పటమేయని నేను నిస్సంకోచముగా చెప్పుదును. చిరిగి జీర్ణమైన పటమును పారవేయక, పూజచేసి ఏటిలో కలుపుట వారి ఆచారము. గ్రంథమునకు ఇంతకంటె గౌరవము ఏ పండితుడు చూపగలడు?

శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములు మరియొక మెట్టు. దేవాలయములలో వ్రేలాడగట్టుటకై వ్రాయబడిన ఆ వస్త్రములపై రామాయణ భారత ఘట్టములు అరలు అరలుగా నుండుటయే కాక, అనేక పటములయందు ఒక్కొక్క అర అంచున ఆ ఘట్టమును తెలుపు తెలుగు పంక్తులు కూడ వ్రాయబడియుండును. కరక్కాయ రసమున తడిపిన బట్టపై, తునక ఇనుమును బెల్లపు నీటిలో నానబెట్టి తీసిన నల్లని కసీముతో, వెదురు కలమున గీచిన గీతలవి. అక్షరమును చిత్రమును ఒకే చేయి, ఒకే కలము, ఒకే సిరాతో నిలిపినవి. తోలుబొమ్మలాటను గూర్చి చెప్పవలసినది చాల కలదు గాని, అది రంగస్థలమునకు సంబంధించిన విషయమగుటచే ఇక్కడ విడిచిపెట్టుచున్నాను.

ఇట్టి సంపద గల జాతికి అచ్చుపుస్తకము వచ్చినపుడు ఏమి జరిగినది? బొమ్మ వెలుపల నిలిచిపోయినది. పందొమ్మిదవ శతాబ్దమున తెలుగు బాలుని చేతికి వచ్చిన పెద్దబాలశిక్షయందు వర్ణమాల, గుణింతము, నీతివాక్యములు, పద్యములు, సంవత్సరముల పేళ్లు, లెక్కలు అన్నియు కుదించి కూర్పబడినవి. విజ్ఞానమున కది చిన్న ధాన్యాగారమే. కాని చూచుటకు అందు సామాన్యముగా ఏమియు లేదు. 1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను వెలువరించెను. కాకి, లేడి, ఎలుక, తాబేలు చేసిన స్నేహమును అంత మనోహరమైన వచనమున చెప్పిన గ్రంథము మరియొకటి లేదు. అయినను తరతరముల విద్యార్థులు ఆ మృగపక్షులను వాక్యములలోనే ఊహించుకొనవలసివచ్చినది. ఈ మృగకథలకు మూలమైన పంచతంత్రమే ఎనిమిదవ శతాబ్దమున అరబ్బీ భాషకు పోయి, ఇబ్న్ అల్ ముఖఫ్ఫా చేతిలో కలీలా వ దిమ్నాగా వెలసినపుడు, జంతువుల బొమ్మలు రంగురంగులలో చూపి మనస్సును రంజింపజేయుట గ్రంథ ప్రయోజనములలో నొకటియని ఆయన పీఠికలోనే చెప్పియుండెను. అరబ్బు పారసీక దేశములయందు ఆ కథకు చిత్రిత ప్రతులు అనేకములు వెలసినవి. మన కరటక దమనకులు పరదేశమున పొందిన రూపమును స్వదేశపు పాఠశాలలో పొందలేకపోయిరి.

దీనికి కారణము పండితుల అనాదరమొక్కటియే కాదు. అచ్చులో బొమ్మ వేయవలెనన్న కొయ్యపై చెక్కించవలెను, లేదా లోహపు బ్లాకు చేయించవలెను. చిత్రకారుని సుకుమారమైన రేఖ చెక్కువాని ఉలిక్రింద మొద్దువారిపోవుచుండెను. అణాలకు అమ్మవలసిన పుస్తకమునకు ఆ ఖర్చు భారము. తోలుపై, బట్టపై, గోడపై స్వేచ్ఛగా సంచరించిన గీత కాగితము దగ్గరకు వచ్చుసరికి యంత్రమునకు బానిసయైనది.

ఈ బంధమును మొదట త్రెంచినవాడు వంగదేశీయుడు ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి. పిల్లలకొరకు తాను వ్రాసిన రామాయణమున తన బొమ్మలే కొయ్యబ్లాకులలో చెడిపోవుట చూచి ఆయన నిరుత్సాహపడి ఊరకుండలేదు. చిత్రములను చుక్కలుగా విడదీసి ముద్రించు హాఫ్‌టోన్ విద్యను పుస్తకములనుండి స్వయముగా నేర్చి, ఇంగ్లండునుండి పరికరములను తెప్పించి, కలకత్తాలో తన ముద్రణాలయమును స్థాపించి, ఆ విద్యలో క్రొత్త మెలకువలను కనిపెట్టి ఇంగ్లండు పత్రికలలోనే వ్యాసములు ప్రకటించెను. పిట్టలు, పులులు, నక్కలు పాత్రలుగా గల తూర్పు వంగపు జానపద గాథలను 1910లో తున్‌తునిర్ బోయి అను పేర గ్రంథముగా కూర్చి, 1913లో సందేశ్ అను బాలల మాసపత్రికను ఆరంభించెను. కుమారుడు సుకుమార్ రాయ్ ఆ పత్రికను నడపి, తన విచిత్ర కవితలకు తానే బొమ్మలు గీచెను. 1930లో రవీంద్రుని సహజ్ పాఠ్ అను వాచకమునకు నందలాల్ బోస్ లినోలియముపై చెక్కి అచ్చువేసిన నలుపుతెలుపు చిత్రములు, పల్లె గుడిసెను, చెరువును, తాటిచెట్టును అక్షరాభ్యాసముతోడనే వంగ శిశువుల కన్నులకు అలవాటు చేసినవి. పిల్లల చదువును మహాకవియు మహాచిత్రకారుడును తమ స్థాయికి తగిన కార్యముగా నెంచిరి.

తెలుగునాట ఆ కాలమున కథను గేయమును సేకరించినవారు లేకపోలేదు. గిడుగు వేంకట సీతాపతి, వేటూరి ప్రభాకరశాస్త్రి, చింతా దీక్షితులు ప్రభృతులు బాలసాహిత్యమును గౌరవనీయమైన వ్యాసంగముగా చేసిరి. దామెర్ల రామారావు, అడివి బాపిరాజులవంటి చిత్రకారులును కలిగిరి. కాని ఈ రెండు పాయలును పిల్లవాని చేతిలో కలియుటకు మరికొంత కాలము పట్టినది.

ఆ సంగమము మదరాసున జరిగినది. రేడియో అన్నయ్య, అక్కయ్యలని తెలుగు బాలబాలికలు ప్రేమతో పిలిచిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో బాల యను పత్రికను ప్రారంభించిరి. పిల్లల రచనలను, పిల్లల బొమ్మలను ఆదరించి అచ్చువేయుట ఆ పత్రికకు గల విశిష్ట గుణము. ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ అందే వెలువడినది. నరసాపురమున పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ, అనగా తరువాతి కాలపు బాపు, బాల్యముననే ఆ పత్రికతో చెలిమి చేసెను. పదేండ్ల తరువాత ఆ యిరువురి కలయికవలన ఆంధ్రపత్రిక వారపత్రికలో బుడుగు జన్మించెను. నాలుగు గీతలలో ఇమిడిపోవు ఆ బాలుడు అచ్చమైన తెలుగువాడు. గోదావరి యాసతో మాటలాడుచు, బామ్మకు ముద్దుబిడ్డడై, మన మధ్యతరగతి ఇంటి నడవలోనే తిరుగాడును. తెలుగువాని రేఖ తెలుగువాని నుడికారముతో పోటీపడి నిలిచిన తొలి ఆధునిక దృష్టాంతము అదియే.

1947 జూలైలో, స్వాతంత్ర్యము వచ్చుటకు కొన్ని వారములు ముందుగా, చందమామ యను బాలల మాసపత్రిక వెలువడినది. కడపజిల్లా పొట్టిపాడునకు చెందిన బి. నాగిరెడ్డియు, తెనాలి ప్రాంతీయుడై శరత్‌చంద్రుని నవలలను తెలుగునకు తెచ్చిన చక్రపాణియు దీనికి కర్తలు. తెలుగుతోపాటే తమిళమున అంబులిమామ వెలువడగా, క్రమముగా కన్నడము, హిందీ, మరాఠీ, మలయాళము మొదలుకొని పన్నెండు భాషలకు మించి ఆ పత్రిక విస్తరించినది. 1952 మొదలు 1980లో తాను మరణించువరకు కొడవటిగంటి కుటుంబరావు దాని సంపాదక భారమును వహించెను. ఏ మాట బాలునకు తెలియదో, ఏ వాక్యము వాని ఊపిరికి మించి సాగునో ఆయనకు తెలిసినంతగా మరియొకరికి తెలియదు. దాసరి సుబ్రహ్మణ్యము తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గము మొదలగు ధారావాహికలలో అడవులను, గుహలను, మాంత్రికులను సృష్టించి, నెల గడచుట దుర్భరమగునట్లు చేసెను.

అయితే చందమామ చేసిన విప్లవము చిత్రమునకు సంబంధించినది. పుటపుటకు బొమ్మ ఉండవలెననియు, అది మూలలో అతికించిన తాయెత్తువలె గాక కథలోని ఒక ముఖ్యక్షణమును పట్టి నిలుపవలెననియు అచ్చట నియమమేర్పడినది. బొమ్మ చుట్టును అక్షరములు ఒదిగి ప్రవహించినవి. చదువురాని శిశువు బొమ్మవెంట బొమ్మను చూచుకొనుచు పోయినను కథ వానికి స్థూలముగా బోధపడును. చదువనేర్చిన అక్క ప్రక్కను కూర్చుండి మిగిలినది పూరించును. చేర్యాల పటము ముందు పూర్వము జరిగినది ఇదియే గదా! పటకథకుని కఱ్ఱ స్థానమున అక్క వ్రేలు వచ్చినది.

ఆ బొమ్మలను వ్రాసినవారిలో నలువురిని ప్రత్యేకముగా స్మరింపవలెను. చిత్ర యను పేర ప్రసిద్ధుడైన టి. వి. రాఘవన్ ఏ చిత్రకళాశాలయందును శిక్షణ పొందినవాడు కాడు. అయినను సుబ్రహ్మణ్యము ధారావాహికలలోని వికృతాకారులును, మహామృగములును, కొండచరియలును ఆయన కుంచెనుండి వెలువడి, చదివినవారి మనస్సులలో వృద్ధాప్యము వరకును నిలిచిపోయినవి. ఎం. టి. వి. ఆచార్య మహాభారత ఘట్టములను ముఖచిత్రములుగా వ్రాసి, భీష్మద్రోణులు ఎట్లుందురో ఒక తరమునకు నిర్ణయించి చెప్పెను. 1921లో శ్రీకాకుళమున జన్మించిన వడ్డాది పాపయ్య, వ. పా. అను రెండక్షరముల సంతకముతో ముఖపత్రములపై నింపిన వర్ణములు మరియొకరికి అలవడలేదు. కళింగసీమ స్త్రీల కట్టును బొట్టును, వేసవి యెండను, కార్తీకపు వెన్నెలను ఆయన ఎరిగి వ్రాసినవాడు. శంకర్ అని పిలువబడిన కె. సి. శివశంకరన్ విక్రమార్క బేతాళ కథలకు వ్రాసిన శీర్షికాచిత్రమును గూర్చి చెప్పనక్కరలేదు: భుజముపై శవము, చేతిలో కత్తి, చుట్టును శ్మశానము, ముఖమున చలింపని నిశ్చయము. ప్రతి నెలయు అదే బొమ్మ వచ్చినను ఎవ్వరును విసుగుచెందలేదు. పురాణకథకు ముందు గణపతివలె, ఆ కథకు ఆ బొమ్మ ఆవాహనమైనది. శంకర్ తొంబది యారేండ్లు జీవించి 2020లో మరణించెను; మరుసటి యేట భారత ప్రభుత్వము ఆయనకు మరణానంతరము పద్మశ్రీని ప్రకటించినది. పిల్లల బొమ్మలు గీచినందులకు ఒక చిత్రకారుని దేశము గౌరవించుట చూచి సంతోషించితిని. ఆ గౌరవము ఆయన కన్నులతో చూడగలిగినపుడే రాకపోయెనని దుఃఖించితిని.

చందమామయందు నాకుగల భక్తి నిష్కపటమైనది. కనుకనే దాని కొరతను కూడ చెప్పవలసియున్నది. అన్ని భాషలకు ఒకే బొమ్మ పోవలసియుండుటచేత, అందలి రాజ్యము ఏ సీమదో చెప్పుట కష్టము. కిరీటములు, కోటలు, బ్రాహ్మణుని శిఖ, వర్తకుని తలపాగా భారతీయములే. కాని ఆ అడవిలోని చెట్టు మోదుగయో, మద్దియో, ఇప్పయో తెలియదు. కొమ్మపై వ్రాలిన పక్షికి పేరు లేదు. గ్రామకథలలో చిత్రయు శంకరును వేసిన పెంకుటిండ్లు, బావిగట్లు, ఎడ్లబండ్లు ఎంతో సహజములైనవే. అయినను డక్కలివాని పటములోని జాంబవుని, గౌడుల తాటివనమును, కోయల వేల్పులను ఆ పుటలలో వెదకిన నిరాశయే మిగులును. పటములు కులకులమునకు వేరువేరుగా నుండెను. పత్రిక అందరికి ఒకటైనది. అందరికి ఒకటగుట గొప్ప మేలు. ఆ మేలుతోపాటు కొందరి కథలు గడప బయటనే ఉండిపోయినవి.

అదే కాలమున దూరదేశమునుండి మరియొక బొమ్మల సంపద వచ్చి మన ఇండ్ల నిండెను. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయము, ఆ తరువాత రాదుగ, తెలుగులోనే అచ్చువేసి పంపిన బాలల పుస్తకములను విశాలాంధ్ర పుస్తకశాలలు స్వల్పమూల్యమునకు అమ్మినవి. ఉప్పల లక్ష్మణరావువంటి విద్వాంసులు మాస్కోలో నివసించి చేసిన అనువాదములవి. దళసరి కాగితము, చెదరని రంగులు, గౌరవముగా ముద్రింపబడిన చిత్రకారుని పేరు. ఆ పుస్తకములకు మనము ఋణపడియున్నాము. కాని ఒకమాట చెప్పక తప్పదు: కరీంనగరపు బాలుడు మంచుమైదానమును, బర్చ్ వృక్షమును, ఎలుగుబంటి పిల్లను రంగులలో తనివితీర చూచెను గాని, తన ఊరి గట్టుమీది తంగేడు పూవును అంత శ్రద్ధతో వ్రాసిన పుస్తకమును ఆనాడు చూచియుండడు. ఆ లోపము మాస్కోవారిది కాదు.

ఢిల్లీయందు ప్రయత్నములు జరుగకపోలేదు. వ్యంగ్యచిత్రకారుడు కె. శంకర్ పిళ్లై 1949లో బాలల చిత్రలేఖన పోటీని ఆరంభించి, 1957లో చిల్డ్రెన్స్ బుక్ ట్రస్టును నెలకొల్పెను. ఆ యేటనే స్థాపితమైన నేషనల్ బుక్ ట్రస్టు, నెహ్రూ బాల పుస్తకాలయ మను మాలను తరువాత ప్రారంభించినది. రంగుబొమ్మలను అన్ని భాషలకును కలిపి ఒక్కమారే పెద్దసంఖ్యలో అచ్చువేసి, నల్లని అక్షరముల పలకను మాత్రము భాషభాషకు మార్చుట అందలి ఉపాయము. తెలుగు ప్రతి కొద్ది రూపాయలకు లభించుట ఆ యుక్తి ఫలితమే. ఆ మాలలో జమాల్ ఆరా పక్షులను గూర్చి వ్రాసిన చిన్నపుస్తకము, పిచ్చుక మొదలు గ్రద్ద వరకు మన పెరటి పక్షులను పిల్లలచేత పేరుపెట్టి పిలిపించిన తొలి ప్రయత్నములలో నొకటి. 1967లో అనంత్ పై ఆరంభించిన అమర చిత్రకథలు పురాణ చరిత్ర పురుషులను ఇంటింటికి తెచ్చినవి; వాని ప్రచారము గొప్పది గాని, అరలలో ఇరికించిన సంభాషణలచేత బొమ్మకు మౌనముగా మాటలాడు అవకాశము తగ్గినదని నా అభిప్రాయము.

చందమామ 1998లో ఒకసారి ఆగి, మరుసటి యేట తిరిగి వెలువడి, చేతులు మారి, 2013 ప్రాంతమున పూర్తిగా నిలిచిపోయినది. అప్పటికే చిన్న ప్రచురణ సంస్థలు మరియొక మార్గమును త్రొక్కియుండెను. చెన్నపట్టణమున 1994లో స్థాపితమైన తారా బుక్స్, పటచిత్రకారులను, ఆదివాసీ చిత్రకారులను నేరుగా పుస్తకమునకు ఆహ్వానించినది. భజ్జు శ్యామ్, దుర్గాబాయి, రాంసింగ్ ఉర్వేతి యను గోండు చిత్రకారులు రాత్రివేళ వృక్షముల జీవితమును చిత్రించిన గ్రంథము 2006లో నల్లని చేతికాగితముపై చేతితోనే అచ్చువేయబడి, 2008లో బొలోన్యా బాలల పుస్తక ప్రదర్శనమున బహుమతి పొందినది. కలంకారీ శైలిలో టి. బాలాజీ వ్రాసిన బొమ్మలతో ఒక పుస్తకమును ఆ సంస్థయే వెలువరించినది. అందలి కథ మాత్రము ఇండోనేషియా దేశపుది. అదే నగరమున 1996లో పుట్టిన తూలిక, బెంగుళూరున 2004లో పుట్టిన ప్రథమ్ బుక్స్ తెలుగున కూడ బొమ్మల పుస్తకములను ప్రచురించుచు వచ్చినవి. సికింద్రాబాదునందలి మంచిపుస్తకము వారు పాత సోవియటు అనువాదములను పునర్ముద్రించుటతోపాటు క్రొత్త తెలుగు రచనలను సులభమూల్యమునకు అందించుచున్నారు. హైదరాబాదునందలి అన్వేషి పరిశోధన కేంద్రము 2008లో వెలువరించిన కథలమాలలో, గోగు శ్యామల కథలోని దళిత బాలికయు, ఖదీర్‌బాబు కథలోని ముస్లిము కుటుంబపు వంటిల్లును సచిత్రముగా పిల్లల ముందుకు వచ్చినవి. తరతరములుగా పటములలో తమ్ము తాము చూచుకొన్న జనులు, అచ్చుపుటలో తమ ముఖమును చూచుకొనుటకు ఇంతకాలము వేచియుండవలసివచ్చినది.

కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారమును 2010లో ప్రారంభించి, తెలుగున మొదటిసారి కలువకొలను సదానంద గారి అడవితల్లికి ఇచ్చినది. ఆయన రచయితయే కాక చిత్రకారుడు కూడ నగుట యాదృచ్ఛికమే. పురస్కారము రచనకు మాత్రమే. బొమ్మ వ్రాసినవానికి ఇచ్చు అట్టి పురస్కారము అకాడమీలలో ఏదియు లేదు. రచయిత పేరు అట్టపై పెద్దక్షరములలో నుండగా, చిత్రకారుని పేరు వెనుకపుటలో ముద్రాపకుని చిరునామాకు పైన సన్నని అక్షరములలో దాగియున్న పుస్తకములు నేటికిని అంగళ్లలో అనేకములు కలవు. కొన్నింటిలో ఆ పేరే లేదు. కంప్యూటరులో దొరకు సిద్ధచిత్రములను కత్తిరించి అతికించిన పుస్తకములలో పేరు పెట్టుటకు మనిషియే లేడు. వాటిని పిల్లలకు కొనిపెట్టుట నా దృష్టిలో అపచారము.

ప్రచురణకర్తలను నేను ప్రార్థించునది అల్పము. చిత్రకారుని పేరును అట్టమీద రచయిత పేరు సరసన అచ్చువేయుడు. చేర్యాలకు, శ్రీకాళహస్తికి, తోలుబొమ్మల నిమ్మలకుంటకు పోయి, అచ్చటి కుంచెపట్టినవారిని అలంకారమునకు గాక వారి కథలను వారే చెప్పుటకు పిలువుడు. అడవిని వ్రాయించునపుడు చెట్టు పేరు చెప్పి వ్రాయించుడు. తంగేడును తంగేడుగను, పాలపిట్టను పాలపిట్టగను వ్రాయించుడు. తల్లిదండ్రులారా, పుస్తకమును పిల్లవాని ముందు విప్పినపుడు మొదట అక్షరములు చదివి వినిపింపకుడు. వానిని బొమ్మవంక కొంతసేపు చూడనిండు. వాడు చెప్పు కథను మొదట వినుడు.